ఇంగ్లీషులో గట్టిగా ‘అవును’ అనాలన్నా, మనసారా ‘సరే’ అనాలన్నా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. లండన్ క్లయింటుతో పనిచేసే టీమ్‌లో కొత్తగా చేరారు. అవతలివాళ్లు ఏం అడిగినా ‘యస్’, ‘ఓకే’, ‘ష్యూర్’ అనే మూడు మాటలతోనే నెట్టుకొస్తున్నారు. మీ జవాబుల్లో గట్టిదనం కనిపించడం లేదని టీమ్ లీడ్ అన్నారు. పైగా మొన్న కాల్‌లో ఒకాయన మీ ప్రతిపాదన విని ‘ఐ కుడంట్ అగ్రీ మోర్’ అనేసరికి, కాదన్నాడేమోనని మీకు టెన్షన్ పట్టుకుంది. ఆఫీసు మర్యాదలోనూ స్నేహితుల మధ్యా బలంగా ఒప్పుకోవడానికి ఏమేం అనొచ్చో చెప్పమంటున్నారు.

ముందు ఆ టెన్షన్ తీర్చేస్తాను. ‘ఐ కుడంట్ అగ్రీ మోర్’ అంటే ఇంతకన్నా ఎక్కువగా ఒప్పుకోవడం నా వల్ల కాదు, నూటికి నూరుపాళ్లూ మీ మాటే నా మాట అని. మీ ప్రతిపాదనకు అంతకు మించిన మద్దతు దొరకదు. ‘కుడంట్’ వినగానే మన చెవి అక్కడే ఆగిపోతుంది, చివరనున్న ‘మోర్’ దాకా వెళ్లదు, అదీ సంగతి. ఇదే మాట తాము వాడబోయి ‘ఐ కుడ్ అగ్రీ మోర్’ అనేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు అర్థం తలకిందులవుతుంది: ‘ఇంకాస్త ఒప్పుకోవచ్చు గానీ ఒప్పుకోవడం లేదు’ అని. కాబట్టి ఆ ‘ంట్’ పలకడానికి బద్ధకించకండి.

ఇక అసలు విషయం. ఐటీ ఉద్యోగులకూ, పైచదువులకు బయటి దేశాలు వెళ్లే పిల్లలకూ చాలాకాలంగా ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్లలో చాలామందికి మాటల కొరత లేదు. ‘అబ్సొల్యూట్లీ’ తెలుసు, ‘డెఫినిట్లీ’ తెలుసు, ‘టోటల్లీ’ అయితే అవసరానికి మించే తెలుసు. వచ్చిన చిక్కల్లా మూడు వేరువేరు పనులకు ఒకే మాట వాడటం. ఎదుటివారి అభిప్రాయం నిజమే అనడం ఒక పని. వాళ్లు అడిగింది చేస్తాననడం ఇంకో పని. వింటున్నాను, చెప్పండి అనడం మూడోది. తెలుగులో మనం వీటిని పొరపాటున కూడా కలపం. ‘ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువండీ’ అంటే ‘అవునండీ’ అంటాం, ‘అలాగేనండీ’ అనం. ‘వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తీసుకురా’ అంటే ‘సరే’ అంటాం, ‘అవును’ అనం. ఎవరైనా పెద్ద కథ చెబుతుంటే ‘ఊఁ’ కొడతాం. ఇంగ్లీషులోకి దిగేసరికి మూడింటికీ ‘యస్’ వచ్చి కూర్చుంటుంది.

వీటిలో ఎక్కువ నష్టం చేసేది ఆ ఊకొట్టుడే. క్లయింటు కాల్‌లో అవతలివాడు పెద్ద వాక్యం మొదలుపెడతాడు: పదిహేనో తారీఖుకి రిపోర్టు కావాలి, అందులో పాత డేటా కూడా కలపాలి, వీలైతే రెండో మాడ్యూల్ కూడా చూడాలి. మనవాడు మర్యాదకొద్దీ ప్రతి కామా దగ్గరా ‘యస్, యస్, యస్’ అంటుంటాడు. ఆయన లెక్కలో మూడు పనులకు మూడు అంగీకారాలు అందాయి. మనవాడి లెక్కలో ఇంకా ఏదీ ఒప్పుకోలేదు, విన్నాడంతే. పదిహేనో తారీఖు వచ్చాక గొడవ. వింటున్నానని తెలపడానికి ఇంగ్లీషులో ‘రైట్’, ‘ఐ సీ’, ‘మ్‌హ్మ్’ ఉన్నాయి. అర్థమైందనడానికి ‘గాట్ ఇట్’ ఉంది. ఇవేవీ మాట ఇచ్చినట్టు కావు. ‘యస్’ని మాత్రం నిజంగా ఒప్పుకునే చోటికి దాచుకోండి. అప్పుడు దానికి దానంతటదే బరువు వస్తుంది.

ఈ తేడాను ఎంత కచ్చితంగా పాటించవచ్చో చూడాలంటే రేడియోలో మాట్లాడుకునేవాళ్లను వినాలి. అక్కడ ‘రోజర్’ అంటే మీరు చెప్పింది అందింది అని మాత్రమే. చేస్తాననీ కాదు, నిజమేననీ కాదు. చేస్తాననడానికి ‘విల్కో’ అనే వేరే మాట ఉంది. అవుననడానికి అంతర్జాతీయ విమానయాన పరిభాషలో ‘అఫర్మ్’. సినిమాల్లో అన్నింటికీ ‘రోజర్’ అనేస్తుంటారు గానీ, పైలట్లు అలా కలిపేస్తే ప్రమాదం. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె దీవిలో, లోస్ రోడెయోస్ విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. పొగమంచు, రద్దీ, తొందర, కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో మన విషయానికి పనికొచ్చేది ఒకటుంది. డచ్చి విమానంలోని కో‌పైలట్ ‘మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అనే అర్థం వచ్చేలా ఒక వంకర వాక్యం అన్నాడు. విమానాశ్రయంలోని కంట్రోల్ టవర్ ‘ఓకే’ అని, ఆ వెంటనే ‘టేకాఫ్‌కు సిద్ధంగా ఉండండి, నేను పిలుస్తాను’ అంది. సరిగ్గా అప్పుడే ఇంకో విమానం కూడా రేడియోలో మాట్లాడటంతో ఆ రెండో ముక్క కీచుశబ్దంలో కలిసిపోయింది. కాక్‌పిట్‌లో స్పష్టంగా వినిపించింది ‘ఓకే’ ఒక్కటే. అది ‘విన్నాను’ అనే ఓకేనా, ‘కానివ్వండి’ అనే ఓకేనా? ఆ తర్వాత విమానయానంలో ఉత్తి ‘ఓకే’తోనో ‘రోజర్’తోనో సరిపెట్టకుండా, ఇచ్చిన అనుమతిలోని ముఖ్యమైన ముక్కను తిరిగి చదివి వినిపించాలనే పద్ధతి గట్టిపడింది.

మీ టీమ్ లీడ్ గట్టిదనం అన్నది కూడా ఇదేనని నా నమ్మకం. ఒప్పుకోలుకు బలం ‘వెరీ’లతో, ‘టోటల్లీ’లతో రాదు. దేనికి ఒప్పుకుంటున్నారో ఆ ముక్కను పైకి అంటే వస్తుంది. ఉదాహరణకు క్లయింటు ఇలా రాశాడనుకుందాం: ‘కెన్ వుయ్ మూవ్ థర్స్‌డేస్ డెమో టు ఫ్రైడే మార్నింగ్? ద నంబర్స్ ఆన్ పేజ్ త్రీ నీడ్ చెకింగ్ ఫస్ట్.’ దీనికి ‘ఓకే, ష్యూర్’ అని కొడితే తప్పేం లేదు, కానీ అది చప్పగా ఉంటుంది, అనుమానం కూడా మిగులుస్తుంది. ‘యస్, టోటల్లీ అగ్రీడ్!!’ అని రాస్తే ఉత్సాహం పెరిగింది గానీ సమాచారం పెరగలేదు. ఇలా రాసి చూడండి: ‘యస్, ఫ్రైడే ఎట్ టెన్ వర్క్స్ ఫర్ అస్. ఐ అగ్రీ దట్ ద నంబర్స్ ఆన్ పేజ్ త్రీ నీడ్ చెకింగ్ ఫస్ట్. ఐ విల్ సెండ్ యు ద కరెక్టెడ్ వర్షన్ బై థర్స్‌డే ఈవెనింగ్.’ మొదటి వాక్యం ‘సరే’, రెండోది ‘అవును’, మూడోది మీ పూచీ. ఇందులో ఒక్క ‘వెరీ’ గానీ ‘టోటల్లీ’ గానీ లేదు. అయినా చదివినవాడికి మనిషి పూర్తిగా మనవైపే ఉన్నాడని తెలిసిపోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన మాటలకు వద్దాం. ముందు ‘అవును’ వైపు.

ఎదుటివారి అభిప్రాయంతో ఏకీభవించేటప్పుడు స్నేహితుల మధ్య ‘ఎగ్జాక్ట్లీ’, ‘టోటల్లీ’, ‘హండ్రెడ్ పర్సెంట్’ ధారాళంగా నడుస్తాయి. ‘యు కెన్ సే దట్ ఎగైన్’ అంటే మళ్లీ చెప్పమని కాదు, ‘బాగా చెప్పావు’ అని. దాన్ని నమ్మి నిజంగానే మళ్లీ చెప్పినవాళ్లను చూశాను, పాపం. ‘టెల్ మీ అబౌట్ ఇట్’ కూడా అంతే; వివరాలు అడగడం లేదు, ‘ఆ బాధ నాకు తెలియదా!’ అంటున్నారు. ‘ట్రాఫిక్ వాజ్ టెరిబుల్ టుడే’ అంటే ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అనొచ్చు. కానీ ఎవరైనా శుభవార్త చెబితే అనకూడదు. అది కష్టసుఖాల్లో కష్టాలకే పనికొచ్చే మాట. ‘యు ఆర్ టెల్లింగ్ మీ’ కూడా అదే కోవ. ఈ రెండూ పైవాళ్లతో, కొత్తవాళ్లతో వద్దు, వెటకారంగా ధ్వనించే ప్రమాదముంది.

ఆఫీసులో ‘అబ్సొల్యూట్లీ’, ‘ఎగ్జాక్ట్లీ’ రెండూ చెల్లుతాయి. ఇంకాస్త నిండుగా కావాలంటే ‘ఐ ఎంటైర్లీ అగ్రీ’, ‘ఐ ఫుల్లీ అగ్రీ’, ‘ఐ కంప్లీట్లీ అగ్రీ’. మనసుతో మద్దతు ఇస్తున్నప్పుడు ‘ఐ హోల్‌హార్టెడ్లీ అగ్రీ’, కాకపోతే దాన్ని రోజుకు నాలుగుసార్లు వాడితే ఎవరూ నమ్మరు. ‘యు ఆర్ క్వైట్ రైట్’ మర్యాదైన, కాస్త పాతకాలపు బ్రిటిష్ మాట. లండన్‌వాళ్లతో కాబట్టి ‘క్వైట్’ గురించి ఇంకో ముక్క. ఒక బ్రిటిష్ పెద్దాయన మీ మాట విని పొడిగా ‘క్వైట్’ అని ఊరుకుంటే అది పూర్తి అంగీకారం. అదే మనిషి మీ రిపోర్టును ‘క్వైట్ గుడ్’ అంటే మాత్రం పొంగిపోకండి, చాలాసార్లు ‘పర్వాలేదు’ అని దాని భావం. అమెరికావాళ్లు ‘క్వైట్ గుడ్’ అంటే మెచ్చుకున్నట్టే.

‘అగ్రీ’ ముందు ఏ మాట పడితే ఆ మాట అతకదు. ‘ఐ వెరీ అగ్రీ’ వ్యాకరణం ప్రకారమే తప్పు. ‘ఐ హైలీ అగ్రీ’ వినడానికి ఎబ్బెట్టు. ‘ఐ స్ట్రాంగ్లీ అగ్రీ’ సరైనదే గానీ, దానికి సర్వే ఫారం వాసన ఉంటుంది. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల అభిప్రాయాలను మెట్లుగా కొలిచే పద్ధతి ప్రచురించాడు. ‘స్ట్రాంగ్లీ అగ్రీ’ మొదలుకొని ‘స్ట్రాంగ్లీ డిసగ్రీ’ దాకా మీరు టిక్కులు పెట్టే ఫారాలన్నీ దాని సంతానమే. చర్చలోనూ వ్యాసంలోనూ వాడొచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషితో కాఫీ తాగుతూ అంటే మాత్రం ఫారం నింపుతున్నట్టు ఉంటుంది.

స్పెల్లింగ్ గురించి కూడా ఒక మాట. ‘డెఫినిట్లీ’ తప్పుగా టైప్ చేస్తే ఫోను తనంతట తాను ‘డిఫయంట్లీ’ అని దిద్దేస్తుంటుంది. ‘ఐ డిఫయంట్లీ అగ్రీ’ అంటే ‘నిన్ను ధిక్కరిస్తూ ఒప్పుకుంటున్నాను’ అని. పంపే ముందు ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మనవాళ్లందరినీ పడేసే గొయ్యి: కాదు అన్నదానికి అవుననడం. ‘ఫైలు పంపలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవునండీ, పంపలేదు’ అంటాం. మనం ఎదుటివారి ఊహ నిజమా కాదా చూస్తాం. ఇంగ్లీషు అలా చూడదు; పని జరిగిందా లేదా అన్నదే చూస్తుంది. కాబట్టి ‘డిడంట్ యు సెండ్ ద ఫైల్?’కి పంపకపోతే జవాబు ‘నో, ఐ డిడంట్’. మీరు ‘యస్’ అని ఆగిపోతే ఆయన ఫైలు వచ్చిందనుకుని ఇన్‌బాక్స్ వెతుక్కుంటాడు. అలాగే ఎవరైనా ‘దిస్ ప్లాన్ ఈజంట్ గోయింగ్ టు వర్క్’ అన్నప్పుడు మీరూ అదే అనుకుంటుంటే అనాల్సింది ‘నో, ఇట్ ఈజంట్’. ఇది వినడానికి కాదన్నట్టుంటుంది గానీ నిజానికి గట్టి సమర్థన. ఇంకా గట్టిగా కావాలంటే ‘నో, డెఫినిట్లీ నాట్’. ‘నాక్కూడా’ అనడానికీ ఇదే లెక్క: ‘ఐ లైక్ ఇట్’ అంటే ‘సో డు ఐ’ లేదా ‘మీ టూ’, ‘ఐ డోంట్ లైక్ ఇట్’ అంటే ‘నీదర్ డు ఐ’ లేదా ‘మీ నీదర్’. రెండో చోట ‘మీ టూ’ అనడం మన దగ్గర రోజూ వినిపిస్తుంది.

దీని తోబుట్టువే ‘మైండ్’. రైల్లో ఎవరైనా ‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో?’ అని అడిగితే, మీకేమైనా అభ్యంతరమా అని ప్రశ్న. తెరుచుకోమనాలంటే ‘నాట్ ఎట్ ఆల్, గో అహెడ్’ అనాలి. నవ్వుతూ ‘యస్, యస్’ అంటే అభ్యంతరం ఉందని చెప్పినట్టు. మీ నవ్వు చూసి వాళ్లు సర్దుకుంటారు లెండి, మెయిల్లో అయితే ఆ నవ్వు కూడా కనిపించదు. సందేహంగా ఉంటే ఒట్టి ‘యస్’, ‘నో’ల మీద ఆధారపడకుండా వెనక ఒక చిన్న వాక్యం తగిలించండి. ఆ వాక్యం మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక ‘సరే’ వైపు, అంటే అడిగిన పనికో ఇచ్చిన ఆహ్వానానికో ఒప్పుకోవడం.

చనువున్నవాళ్లు ‘సినిమాకి వస్తావా?’ అంటే ‘ఐ యామ్ ఇన్’, ‘కౌంట్ మీ ఇన్’, ‘సౌండ్స్ గుడ్’. ‘ఐ యామ్ అప్ ఫర్ ఇట్’ అన్నా వస్తాననే, ‘ఐ యామ్ డౌన్ ఫర్ ఇట్’ అన్నా వస్తాననే. పైకీ కిందికీ ఒకే అర్థం ఎలా వచ్చిందని అడక్కండి, రెండోది అమెరికా కుర్రకారు మాట. ‘యు బెట్’ కూడా అమెరికా వాసనే. ‘ఐ యామ్ గుడ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘మోర్ కాఫీ?’ అన్నప్పుడు ‘ఐ యామ్ గుడ్’ అంటే ‘చాలు, వద్దు’ అని. కాఫీ కావాలని ఆ మాట అంటే కప్పు ఖాళీగానే ఉంటుంది.

ఆఫీసులో మీ ‘ష్యూర్’కు మంచి బదులు ‘ఆఫ్ కోర్స్’, ‘సర్టెన్లీ’, ‘హ్యాపీ టు’, ‘ఐ విల్ బి గ్లాడ్ టు’. ‘ష్యూర్’ మాటల్లో బాగానే ఉంటుంది, గొంతు దాన్ని నడిపిస్తుంది. మెయిల్లో ఒంటరిగా నిలబడితే అయిష్టంగా ఒప్పుకున్నట్టు అనిపించవచ్చు. ‘ఆఫ్ కోర్స్’ను సహాయం అడిగినప్పుడు మాత్రమే వాడండి. ‘కెన్ యు హెల్ప్ మీ?’ అంటే ‘ఆఫ్ కోర్స్’ ఎంత ఆప్యాయంగా ఉంటుందో, ‘ఈజ్ టుమారో ఎ హాలిడే?’ అంటే ‘ఆఫ్ కోర్స్’ అంత పొగరుగా ఉంటుంది: ‘ఆ మాత్రం తెలియదా?’ అన్నట్టు. అక్కడ ‘యస్, ఇట్ ఈజ్’ చాలు. ఇంకో జంట ఉంది. ‘విత్ ప్లెజర్’ పని ఒప్పుకునేటప్పుడు అంటారు. ‘మై ప్లెజర్’ పని అయ్యాక, ఎదుటివారు థాంక్స్ చెప్పినప్పుడు. మనవాళ్లు ఈ రెండింటినీ తరచూ మార్చేస్తుంటారు.

పెళ్లి, విందులాంటి ఆహ్వానాలకు ‘ఐ వుడ్ బి డిలైటెడ్ టు కమ్’ నిండుగా ఉంటుంది. మెయిల్లో ‘నోటెడ్’ అనే మాట మన ఆఫీసుల్లో బాగా చలామణీలో ఉంది. అది ‘రోజర్’ లాంటిది, చూశానని మాత్రమే. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు పంపితే బిగుసుకున్నట్టు కూడా ఉంటుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. లండన్ కుర్రాళ్లు కొందరు అయోమయంగా చూస్తారు. చేయాల్సిన పని పేరు పెట్టి రాస్తే ఆ గోలే లేదు.

వ్యాకరణం మీద కాసేపు. ‘ఐ యామ్ అగ్రీ’ అనకండి. ‘అగ్రీ’ క్రియ, దానికి ‘యామ్’ అక్కర్లేదు. ‘ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యు’ కూడా మన దేశం దాటితే వింతగా వినిపిస్తుంది. మనిషితో, అభిప్రాయంతో అయితే ‘అగ్రీ విత్’. ప్రతిపాదనకు, షరతుకు అయితే ‘అగ్రీ టు’. ఇద్దరూ కలిసి తేదీనో ధరనో ఖాయం చేసుకుంటే ‘అగ్రీ ఆన్’. ‘ఐ అగ్రీ విత్ యువర్ టర్మ్స్’ అంటే మీ షరతులు సబబుగానే ఉన్నాయని నా అభిప్రాయం. ‘ఐ అగ్రీ టు యువర్ టర్మ్స్’ అంటే వాటికి కట్టుబడతానని. జీతం మాట్లాడుకునే చోట ఈ చిన్న ముక్క తేడా పెద్దదే.

‘ఒప్పుకున్నాడు’ అనే మాటతో మనకు ఇంకో ఇబ్బంది. రావడానికి ఒప్పుకున్నా, బహుమతి పుచ్చుకోవడానికి ఒప్పుకున్నా, తప్పు ఒప్పుకున్నా మనకు ఒకటే మాట. అందుకని ‘హి యాక్సెప్టెడ్ టు కమ్’ అనేస్తాం. పని చేయడానికి ఒప్పుకుంటే ‘అగ్రీడ్ టు కమ్’. ‘యాక్సెప్ట్’ వెనక ఒక వస్తువో విషయమో ఉండాలి: ఆఫర్, ఆహ్వానం, బాధ్యత, క్షమాపణ. చేసిన తప్పును బయటపెట్టుకుంటే ‘అడ్మిట్’.

పరీక్ష రాసే పిల్లలు కూడా ఇదే విషయం అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్కులో ‘టు వాట్ ఎక్స్‌టెంట్ డు యు అగ్రీ ఆర్ డిసగ్రీ?’ అని తరచూ వస్తుంది. కనీసం 250 పదాలు రాయాలి. కోచింగ్‌లో బట్టీ పట్టిన ‘ఐ స్ట్రాంగ్లీ అగ్రీ విత్ ద గివెన్ స్టేట్‌మెంట్’తో మొదలుపెట్టి, మూడో పేరాలో ఎదుటి పక్షాన్ని సగం సమర్థిస్తే మార్కులు పోతాయి. పూర్తిగా ఒప్పుకోవాలనే రూలేమీ లేదు. ఎంతవరకు ఒప్పుకుంటున్నారో మొదట్లో చెప్పి, చివరిదాకా ఆ మాట మీదే ఉండాలి. ‘టోటల్లీ’, ‘హండ్రెడ్ పర్సెంట్’ అక్కడ వద్దు.

మీకు రాబోయే కాల్స్‌లో కొన్ని మాటలు ఒప్పుకోలులా వినిపించి మోసం చేస్తాయి. ‘ఫెయిర్ ఎనఫ్’ అంటే నీ వాదనలో న్యాయముంది, సరే కానివ్వు అని. మనసారా ఒప్పుకోలు కాదు. ‘ఐ సపోజ్ సో’ అంటే అయిష్టంగా సరే. ‘ఇఫ్ యు సే సో’ అంటే నువ్వంటున్నావు కాబట్టి సరే, నాకైతే నమ్మకం లేదు. ‘ఐ హియర్ వాట్ యు ఆర్ సేయింగ్’ను బ్రిటిష్‌వాళ్లు చాలాసార్లు ‘విన్నాను గానీ ఒప్పుకోను’ అనడానికి వాడతారు. దాని వెనకాల ‘బట్’ కోసం చూడండి, దాదాపు వస్తుంది. ‘హియర్, హియర్’ అంటే మాత్రం సంతోషించండి. అది బ్రిటన్ పార్లమెంటులో పుట్టిన సమర్థన. ‘ఆయన మాట వినండి’ అనే కేక కుదించుకుపోయి అలా మిగిలింది. అక్కడి కామన్స్ సభలో చప్పట్లు కొట్టే ఆనవాయితీ లేదు, కాబట్టి సభ్యుల మెచ్చుకోలంతా ఆ మాటలోనే. రాసేటప్పుడు ‘వినడం’ స్పెల్లింగ్ రాయాలి. ‘ఇక్కడ, ఇక్కడ’ అని రాసేవాళ్లు ఇంగ్లీషువాళ్లలోనూ కొల్లలు.

చివరిది, డబ్బుతో ముడిపడ్డది: రాతలో అంగీకారం. మన భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది. దాని 7వ సెక్షన్ ప్రకారం ఒక ప్రతిపాదనకు ఇచ్చే అంగీకారం సంపూర్ణంగా, ఏ మెలికా లేకుండా ఉండాలి. 13వ సెక్షన్ ఇంకా ముచ్చటగా చెబుతుంది: ఇద్దరు ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. మెలిక పెడితే ఏమవుతుందో 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ అనే ఇంగ్లండు కేసులో చూడొచ్చు. ఒకాయన తన పొలం వెయ్యి పౌండ్లకు ఇస్తానన్నాడు. కొనేవాడు 950 ఇస్తానన్నాడు, అమ్మేవాడు కుదరదన్నాడు. అప్పుడు కొనేవాడు ‘అయితే వెయ్యికే తీసుకుంటాను’ అని రాశాడు. ఒప్పందం లేదని కోర్టు తేల్చింది, ఎందుకంటే 950 అన్న క్షణానే పాత ప్రతిపాదన చచ్చిపోయింది.

అటు మరీ తక్కువ మాటలతోనూ ఇరుక్కోవచ్చు. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ధాన్యం కంపెనీ అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫొటో తీసి రైతుకు ఫోనులో పంపి, ఖాయం చేయమంది. రైతు బదులుగా బొటనవేలు పైకెత్తిన ఎమోజీ బొమ్మ కొట్టాడు. సరుకు రాలేదు, ధర పెరిగింది. ఒప్పంద పత్రం అందిందనడానికే బొమ్మ పెట్టానని ఆయన వాదన, అంటే ‘రోజర్’ అని. 2023లో కోర్టు దాన్ని ‘విల్కో’గానే చదివింది, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. పాత లావాదేవీల్లో ఆయన ‘యప్’, ‘లుక్స్ గుడ్’ అని పొట్టిగా రాసి కూడా సరుకు పంపిన అలవాటు ఉండటం ఆయనకు ఎదురు తిరిగింది. 2024లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

కాబట్టి మీ వాట్సాప్ గ్రూపులో బొమ్మలు మీ ఇష్టం, క్లయింటు కాంట్రాక్టు పంపినప్పుడు మాత్రం వద్దు. చూశాను, ఇంకా ఒప్పుకోలేదు అని చెప్పాలంటే ‘రిసీవ్డ్, థాంక్యూ. ఐ విల్ రివ్యూ దిస్ అండ్ కన్ఫర్మ్ బై మండే’ అని రాయండి. ఉద్యోగం ఆఫర్ ఒప్పుకునేటప్పుడు ‘ఐ యామ్ ప్లీజ్డ్ టు యాక్సెప్ట్ ద పొజిషన్’ అని మొదలుపెట్టి, పోస్టు పేరు, జీతం, చేరే తేదీ ఆ వాక్యం కిందే మళ్లీ రాసేయండి. తేదీ మార్చమని అడగాలనుకుంటే ఒప్పుకోలు మెయిల్లో ఇరికించకండి. ముందు అది విడిగా అడిగి, వాళ్లు సరేనన్నాకే ‘యాక్సెప్ట్’ అనే మాట వాడండి.